చిత్తడి నేలలలో వన్యప్రాణి ఛాయాగ్రహణము

చెరువులు, మంచినీటి సరస్సులు, ఉప్పుకయ్యలు, నదీముఖముల యందలి మడ అడవులు, వానకాలమున మునిగి వేసవిలో బీటలువారు పల్లపు బీళ్ళు మొదలగు నేలల నాశ్రయించి జీవించు పక్షులను, తదితర ప్రాణులను, వాని సహజవర్తనమునకు భంగము కలుగనీయక కెమెరాతో చిత్రించు విద్య ఇచట ప్రస్తావింపబడుచున్నది. 1971 ఫిబ్రవరిలో ఇరాను దేశమందలి రామ్‌సార్ పట్టణమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక, పాటు వేళ ఆరు మీటర్లకు మించని లోతుగల సముద్రజలమును సైతము చిత్తడి నేలగనే పరిగణించినది. శాస్త్రజ్ఞులకును ప్రభుత్వములకును ఆ నిర్వచనము అవసరమే. ఛాయాగ్రాహకునకు మాత్రము ఆరు మీటర్ల లెక్కతో పనిలేదు. అతనికి కావలసినవి జానెడు, మూరెడు, నిలువెడు అను లెక్కలు. ఏ పక్షి ఎచట నిలుచునో, ఎంతసేపు నిలుచునో, ఏ చెట్టున గూడు కట్టునో నిర్ణయించునది నీటిలోతే కావున, ఈ విద్య నభ్యసింపగోరువాడు లెన్సుల గుణదోషములను విచారించుటకు ముందు నీటిమట్టమును చదువ నేర్చుకొనవలెను. ఈ క్రమము తలక్రిందులైనందుననే, ఖరీదైన పరికరములు మోసికొని వచ్చినవారు పెక్కుమంది గట్టుపై నిలిచి దూరమందలి తెల్లని చుక్కలను చిత్రించి మరలిపోవుచున్నారు.

నీటిమట్టము

నీరు నిలువెడున్న చోట గూడబాతులు, నీటికాకులు, పాముమెడ పిట్టలు, మునిగి మేత వెదకు బాతులు చేరును. మోకాలిలోతునకు దిగిన చోట ఎర్రకాళ్ళ కొంగలు, తెడ్డుమూతి కొంగలు బారులు తీరును. జానెడు నీటిలో పొడుగుకాళ్ళ ఉల్లంకులును, నీరింకి బురద మిగిలిన అంచులలో పిచ్చుకంతేసి చిన్న ఉల్లంకులును తిరుగాడును. తామరాకులు, కలువలు పరచుకొన్న మూలల నీటికోళ్ళును, ఆకులపైననే నడచుచు ఆకులపైననే గ్రుడ్లుపెట్టు జకానాలును కాపురముండును. కావున ఒకే చెరువు కార్తికమున బాతుల చెరువై, మాఘమున కొంగల చెరువై, ఫాల్గుణము ముగియునాటికి ఉల్లంకుల చెరువగును. పక్షి రక్షితకేంద్రముల ముందరి ఫలకములపై అక్టోబరు నుండి మార్చి వరకు అని వ్రాసియుండు కాలనిర్ణయము స్థూలముగ సత్యమే గాని, ఈశాన్య ఋతుపవనములు ముఖము చాటుచేసిన యేట ఆ ఫలకమును నమ్మి వచ్చినవానికి ఎండిన తుంగయు, మేయుచున్న గేదెలును మాత్రమే కనుపించును.

నీరు తీయు దినములు చిత్రకారునకు నిజమైన పంటకాలము. చెరువు కుంచించుకొని పోయినకొలది చేపలు మిగిలిన మడుగులలో క్రిక్కిరిసి, వాటికొరకు నానాజాతుల పక్షులు ఒకే మడుగు చుట్టు గుమిగూడును. అట్టిచోట ఎర్రకాళ్ళ కొంగను కొంత ఓపికతో గమనించుట మంచిది. ఈ పక్షి కంటితో గాక స్పర్శతో వేటాడును. సగము తెరచిన ముక్కును నీట ముంచి, తలను ఇటునటు ఊపుచు మెల్లగ నడచును. ఒక కాలితో బురదను కెలకును. నడుమ నడుమ ఒక రెక్కను తటాలున విప్పి చేపలను బెదరగొట్టును. బెదరిన చేప ముక్కునకు తగిలిన క్షణముననే అది మూసికొనును. రెక్క విప్పినపుడు వీపు చివర ముడుచుకొని యున్న గులాబివన్నె ఈకలు పరచుకొని, నల్లని రెక్కకును ఎర్రని ముఖమునకును నడుమ వెలుగును. కొంగ నిశ్చలముగ నిలిచిన చిత్రములు వేలకొలది యున్నవి. ఆ రెక్కవిప్పును సరిగా పట్టిన చిత్రములు అరుదు. అది ఆకస్మికముగ తోచినను ఆకస్మికము కాదు. కాలితో కెలకుట మొదలైన పిదప కొలదిసేపటికే రెక్క విచ్చుకొనును గనుక, కాలివైపు చూచువాడు సిద్ధముగ నుండును. ముక్కువైపు మాత్రమే చూచువాడు ఆలస్యమగును.

గూళ్ళ విషయమునను నీరే ప్రధానము. కొంగలు, గూడబాతులు, కంకణాలు, నీటికాకులు కలసి కట్టు సామూహిక నివాసములు సాధారణముగ నీట నిలిచిన చెట్లపైన నుండును. కోటచుట్టు అగడ్తవలె ఆ నీరు నక్కలను, పిల్లులను, మనుష్యులను దూరముగ నుంచును. పిల్లలు ఎదుగకముందే నీరు ఇంకిపోయినచో తల్లిదండ్రులు గూళ్ళను విడిచిపోవుటయు కలదు.

పూర్వచరిత్ర

ఛాయాగ్రహణము పుట్టిన తొలి దశాబ్దములలో సజీవమైన పక్షిని చిత్రించుట దుస్సాధ్యము. గాజుపలకలపై పూసిన రసాయనమునకు వెలుతురు చాలసేపు కావలెను. పక్షి చాలసేపు కదలక యుండదు. అందువలన కెమెరాకు ముందుగ చిక్కినవి గూడును, అందలి గ్రుడ్లును. ఇంగ్లాండునందలి యార్క్‌షైర్ పల్లెసీమలో పుట్టిన రిచర్డ్ కీర్టన్, చెర్రీ కీర్టన్ అను సోదరులు 1892లో గ్రుడ్లతో కూడిన పక్షిగూటిని చిత్రించి, 1895లో ఛాయాచిత్రములతోనే నిండిన పక్షిగూళ్ళ గ్రంథమును వెలువరించిరి. పక్షులకు అనుమానము రాకుండుటకై వారు ఎద్దుతోలు కప్పిన బోలు బొమ్మను చేయించి, దాని కడుపులో కెమెరాతో కూర్చుండిరి. నేడు నవ్వు పుట్టించు ఈ ఉపాయములో ఒక శాశ్వతసత్యమున్నది: పక్షి భయపడునది మనుష్యుని ఆకారమునకును కదలికకును గాని, అతని సామీప్యమునకు మాత్రమే కాదు. రోడ్డుపై నిలిచిన కారుకు జంకని కొంగ, దాని తలుపు తెరచుకొని మనిషి దిగినంతనే లేచిపోవుటకు కారణమిదియే.

గూటిదగ్గర మాటు వేయుట అర్ధశతాబ్దికి పైగా ఈ విద్యకు రాజమార్గమైనది. 1937లో ఎరిక్ హాస్కింగ్ అను ఆంగ్లేయుడు గుడ్లగూబ గూటివద్ద దాని గోళ్ళవాత బడి ఒక కన్ను కోల్పోయియు ఈ వృత్తిని వీడలేదు. భారతదేశమున ఈ. హెచ్. ఎన్. లోథర్ తన అనుభవములను 1949లో గ్రంథరూపమున ప్రకటించెను. సింగపూరు వర్తకుడును, పక్షిశాస్త్రజ్ఞుడగు సాలిం అలీకి ఆప్తమిత్రుడును అగు లోకే వాన్ థో చిత్రించిన పక్షులు 1957లో గ్రంథస్థములైనవి. మదరాసువాసియగు ఎం. కృష్ణన్ వేర్వేరు కెమెరాల భాగములను కూర్చి తాను కట్టుకొనిన బరువైన కెమెరాతో, వర్ణచిత్రముల కాలమునందును నలుపుతెలుపులనే పట్టుకొని ఏనుగులను, పక్షులను చిత్రించెను. 1970లో ఆయనకు పద్మశ్రీ లభించినది. వీరి కాలమున గూటి చిత్రములకు లభించిన ప్రాధాన్యము సౌందర్యదృష్టి వలన కలిగినది కాదు. లెన్సులు పొట్టివి, ఫిల్ము మందకొడిది; పక్షి తప్పక మరలివచ్చు చోటు గూడొక్కటే. పరికరముల ఆ లోపము తీరి చాలకాలమైనది. గూటిపై ముట్టడి మాత్రము కొందరి విషయమున అలవాటుగ మిగిలిపోయినది.

తుపాకి నుండి కెమెరాకు జరిగిన మార్పును చూడగోరువారికి రాజస్థానమందలి భరత్‌పూర్ తగిన చోటు. 1938 నవంబరు 12వ తేదీన, నాటి వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు గౌరవార్థము జరిగిన వేటలో ఆ ఒక్క దినముననే 4,273 పక్షులు నేలకూలినవి. అట్టి వేటల లెక్కలు చెక్కిన శిలాఫలకములు అచటి కేవలాదేవ్ ఉద్యానమున నేటికిని నిలిచియున్నవి. దాదాపు 29 చదరపు కిలోమీటర్ల ఆ నేల 1985లో ప్రపంచవారసత్వ స్థలముగ గుర్తింపబడినది. నేడచట రిక్షా త్రొక్కువారే పక్షిని పేరుపెట్టి చూపు మార్గదర్శకులు.

నేలపట్టు, పులికాట్

తెలుగుదేశమున ఈ విద్యకు నేలపట్టును మించిన పాఠశాల లేదనుట అతిశయోక్తి కాదు. తిరుపతి జిల్లాలో దొరవారిసత్రమునకు చేరువనున్న ఈ కేంద్రము 458.92 హెక్టార్ల వైశాల్యము కలది. 1976లో రక్షితప్రాంతముగ ప్రకటింపబడినది. చెరువునీట సగము మునిగి నిలిచిన నీటికడప చెట్లు దీని విశేషము. ఈశాన్య ఋతుపవనముల వానలకు చెరువు నిండగనే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు, చీకటి కొంగలు ఈ చెట్లను పంచుకొనును. పంపకములో ఒక నియమము కనుపించును: బరువైన గూడబాతులు దిగుటకును లేచుటకును తెరపి కావలసినవి గనుక చెట్ల పైభాగమును, చిన్నపక్షులు లోపలి కొమ్మలను ఎన్నుకొనును. రెట్ట కలిసిన ఆ చెరువునీరు పైరుకు బలమని చుట్టుపట్ల రైతులు చెప్పుదురు. అది వట్టి నమ్మకము కాదు. రెట్టయందు నత్రజని, భాస్వరము పుష్కలముగ నుండును. పక్షులను ఊరివారు తమవిగ భావించి కాపాడుటకు ఈ ప్రయోజనము కొంత కారణము.

ఇచటి గూడబాతు రెక్కలు విప్పినచో రెండు మీటర్లకు పైబడిన పక్షి. పైముక్కు అంచు పొడవునను చుక్కలుండును. నడుము మీది గులాబిఛాయ కూర్చున్నపుడు కానరాదు, రెక్క విప్పినపుడే బయటపడును. పిల్లకు మేతపెట్టు దృశ్యమును తొలిసారి చూచినవారు కలవరపడుదురు. పిల్ల తన తలను తల్లి నోటిలోనికి చొప్పించి, మెడవరకు గొంతుసంచిలో దిగి, రెక్కలు తపతప కొట్టుకొనుచు అరగిన చేపలను అందుకొనును; తల్లి పిల్లను మ్రింగుచున్నట్లే తోచును. ఈ దృశ్యమునకు మిక్కిలి పొడవైన లెన్సు చెరుపు చేయును. పక్షి పెద్దది, గూడు పక్కన గూడు, పిల్లపక్కన పిల్ల. 600 మిల్లీమీటర్ల లెన్సు ఒక ముక్కును చూపును గాని కుటుంబమును చూపదు. పరిశీలనా గోపురము నుండి 300 మిల్లీమీటర్లతో తీసిన చిత్రమున చెట్టును, పొరుగువారి తగవులును, పుల్ల దొంగిలించు నీటికాకియు కలసి వచ్చును. పక్షిని పెద్దదిగ చూపుటయే పరమార్థమని తలచుట ఈ విద్యలో ప్రబలిన భ్రాంతి.

గూడబాతు నీటినుండి లేచునపుడు గాలికి ఎదురుగ, రెండుకాళ్ళతో నీటిని తన్నుచు కొంతదూరము పరుగెత్తి లేచును. దిగునపుడును గాలికి ఎదురుగనే దిగును. పెద్దపక్షులన్నిటికి ఇది సామాన్యధర్మము. గాలి చిత్రకారుని వీపున తగులుచున్నచో లేచు పక్షియు దిగు పక్షియు అతనివైపు ముఖము చూపును. గాలి ముఖమునకు తగులుచున్నచో తోకలే చూపును. సూర్యుడును గాలియు రెండును వీపుననుండు చోటును వెదకుట అనుభవజ్ఞుల మొదటి పని. ఈశాన్యపు గాలి వీచు హేమంత దినముల ప్రొద్దుట చెరువు తూర్పుగట్టున నిలుచువానికి ఈ రెండును సమకూరును. సాయంకాలమున సూర్యుడు పడమటకును, సముద్రపుగాలి తూర్పు నుండియు ఉండుటచేత వెలుతురునకును పక్షి ముఖమునకును పొత్తు కుదరదు. తూర్పుకోస్తాలో ఎగురు పక్షుల చిత్రములకు ప్రొద్దుటివేళ శ్రేష్ఠమని చెప్పుటకు ఇది ముఖ్యకారణము. మంచు, చల్లదనము, ప్రశాంతత అని సాధారణముగ వర్ణింపబడు కారణములు తరువాతివి.

నేలపట్టు గూళ్ళ పక్షులకు అన్నపుగిన్నె సమీపమందలి పులికాట్ సరస్సు. దేశమందలి ఉప్పునీటి కయ్యలలో చిల్కా తరువాత పెద్దదిదియే. ఫ్లెమింగోలకు ఈ సరస్సు ప్రసిద్ధి. వాటి పేర సూళ్ళూరుపేటలో 2001 నుండి పండుగ జరుగుచున్నది. ఫ్లెమింగో తలను తలక్రిందుచేసి, వంకరముక్కును నీటి అడుగున బోర్లించి, నాలుకతో నీటిని లోనికి పీల్చి వెలికి చిమ్ముచు, ముక్కు అంచున గల జల్లెడవంటి నిర్మాణముతో సూక్ష్మజీవులను వడగట్టుకొనును. దానివలన మేయుచున్న గుంపును చిత్రించునపుడు తలలు కానరాక కాళ్ళును వీపులును మాత్రమే వచ్చును. కాపలాకై తలయెత్తు ఒకటి రెండు పక్షులకొరకు, లేక గుంపంతయు మెడలు చాచి ఒకే దిక్కునకు నడచు వేళకొరకు కాచుకొనవలెను.

సూళ్ళూరుపేట నుండి అంతరిక్షకేంద్రముగల శ్రీహరికోటకు పోవు రోడ్డు సరస్సును పడమటి నుండి తూర్పునకు చీల్చుచు పోవును. శీతకాలమున సూర్యుడు దక్షిణముగ నడచును గనుక, రోడ్డునకు ఉత్తరమున మేయు పక్షులపై దాదాపు దినమంతయు వెలుతురు సూటిగ పడును. దక్షిణపువైపు పక్షులు ఎదురువెలుతురున నల్లని నీడలుగ కనుపించును. వర్ణము కావలసినవారు ఉత్తరమునకును, ఆకారము కావలసినవారు దక్షిణమునకును చూడవలెను. ప్రొద్దెక్కిన పిదప రెండువైపులను ఫలము తక్కువ. ఎండకు కాగిన బురదపై గాలి పొరలు పొరలుగ కదలి, దూరమందలి పక్షి అంచులను చెరపివైచును. ఎండమావులను పుట్టించు ఈ వికారమును ఎంత విలువైన లెన్సైనను సవరింపజాలదు; దూరము తగ్గించుకొనుటయో, ఇంటికి పోవుటయో తప్ప మార్గాంతరము లేదు.

కొల్లేరు

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పరచుకొన్న కొల్లేరునకు బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు నీరుతెచ్చును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. 1946లో కె. కె. నీలకంఠన్ అను కేరళీయ పక్షిశాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతమందలి ఆరేడు గ్రామమున గూడబాతుల పెద్ద నివాసమును గుర్తించి లోకమునకు తెలిపెను. తరువాతి దశాబ్దములలో అది అంతరించినది. చేపలచెరువుల గట్లు సరస్సును గళ్ళుగళ్ళుగ చీల్చినవి. 1999లో సముద్రమట్టమునకు పైనున్న అయిదవ కాంటూరు (సమోన్నతరేఖ) వరకు గల 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగ ప్రకటింపబడినది. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరినది. 2006లో ప్రభుత్వము అనేకచెరువుల గట్లను తెగగొట్టించినది.

చిత్రకారుని దృష్టితో చూచినచో ఈ చరిత్రయంతయు లోతుల చరిత్రయే. సహజమైన కొల్లేరు కొద్దిపాటి లోతుతో, ఏటవాలుగ దిగు అంచులతో సకలజాతులకు చోటిచ్చునది. నిట్రగట్లతో లోతుగ త్రవ్విన చేపలచెరువు గూడబాతునకును నీటికాకికిని విందుశాలయే గాని, పొడుగుకాళ్ళ ఉల్లంకికి కాలుమోపు జాగా కాదు. కైకలూరు సమీపమందలి ఆటపాకలో అటవీశాఖవారు నీటిలో ఇనుపమంచెలు నిలిపిరి. చెట్లు చాలనిచోట గూడబాతులు వాటిని నిస్సంకోచముగ స్వీకరించి పిల్లలను పెంచుచున్నవి. కొందరు చిత్రకారులకు ఆ ఇనుపకమ్ములు కంటగింపు; వాటిని చిత్రమునుండి తప్పించుటకు పడరాని పాట్లు పడుదురు. తప్పింపనక్కరలేదని నా అభిప్రాయము. కొల్లేటి గూడబాతు నేడెట్లు బ్రతుకుచున్నదో ఆ కమ్ములే చెప్పుచున్నవి.

వెలుతురు, వేగము, ఎత్తు

కెమెరాలో వెలుతురును కొలుచు యంత్రము, తనకు కనుపించునదెల్ల సగటున నడిమి బూడిదవన్నె గలదని తలచి లెక్క వేయును. నల్లని నీటిముందర నిలిచిన ఒంటి తెల్లకొంగ దానిని మోసపుచ్చును: నలుపు ఎక్కువగుటచే అది వెలుతురును హెచ్చించును, కొంగ ఈకలలోని నునుపు పోగులన్నియు కాలిపోయి సున్నపుముద్దవలె వచ్చును. అట్టిచోట ఒక స్టాపు మొదలుకొని రెండు స్టాపుల వరకు తగ్గించుకొనవలెను. చిత్రమంతయు తెల్లకొంగల గుంపుతో నిండినపుడు దీనికి విపర్యయము, పెంచవలెను. తెల్లకంకణము, నల్లని నీటికాకి ఒకే కొమ్మపై నున్నపుడు తెలుపునే కాపాడుట యుక్తము; నీడలో దాగిన నలుపును తరువాత కొంత వెలికితీయవచ్చును గాని, కాలిపోయిన తెలుపునందు తీయుటకేమియు మిగులదు.

ఎగురు కొంగకు సెకనులో 1600వ వంతు, నీటిపై స్థిరముగ రెక్కలాడించుచు నిలిచి బాణమువలె దూకు నలుపుతెలుపు లకుముకిపిట్టకు 3200వ వంతు షట్టరువేగము సాధారణముగ చాలును. మేయు గుంపునకు 500వ వంతైనను సరిపోవును. కొందరు వేగమును 30వ వంతునకు తగ్గించి, ఎగురు పక్షులతోబాటు కెమెరాను త్రిప్పుచు రెక్కలను ధారలుగ చిత్రింతురు. అది చేయి తిరిగినవారికే శోభించును. సెకనునకు ఇరువది చిత్రములు తీయు కెమెరాలు వచ్చిన తరువాత క్షణమును ఎన్నుకొను పని చెరువుగట్టున గాక ఇంటిలో తెరముందు జరుగుచున్నది. శబ్దము చేయని షట్టరు మాత్రము నిజమైన మేలు. గూటిమీది పక్షి ఇదివరకు ప్రతి టిక్కునకు తలయెత్తుచుండెడిది.

లెన్సు ఎత్తు విషయమున క్రొత్తవారు సాధారణముగ పొరబడుదురు. గట్టుపై నిలువుగ నిలిచి క్రిందికి చూచి తీసినచో పక్షి వెనుక నీరో బురదయో గోడవలె అడ్డుపడును. పక్షి కంటియెత్తునకు లెన్సును దింపినచో వెనుకటి లోకము దూరమునకు జరిగి మెత్తబడును. పక్షి కన్నును చూపరి కన్నును ఒకే మట్టమున కలియును. ఇందుకై కొందరు బురదలో బోర్లపడుకొని, లెన్సును మూకుడువంటి అడుగుగల పీటపై నిలిపి త్రోసికొనుచు పోవుదురు. కొల్లేటి తాటిదోనెలో కూర్చున్నవానికి ఈ ఎత్తు శ్రమలేకుండ లభించును, కాని దోనెలో ట్రైపాడు పనికిరాదు. మనిషి ఊపిరికే దోనె కదలును. ఒడిలో పెట్టుకొన్న ఇసుకసంచియో, మోకాలో మేలు. ఉప్పుగాలికిని తేమకును లెన్సులోపల బూజు పట్టుట కోస్తావారి నిత్యబాధ; సిలికా పలుకులతో మూతబిగించిన పెట్టె దీనికి ఉపశమనము.

మర్యాద, శాసనము

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున వేట అను మాటకిచ్చిన నిర్వచనములో, పక్షుల గ్రుడ్లను గూళ్ళను కలతపెట్టుట కూడ చేరియున్నది. గూటికడ్డమైన కొమ్మను చిత్రముకొరకు విరిచినవాడు తుపాకి పట్టకున్నను చట్టము దృష్టిలో వేటగాడు కావచ్చునన్నమాట. అభయారణ్యములలో ఛాయాగ్రహణమునకు అనుమతినిచ్చు అధికారము ఆ చట్టపు 28వ విభాగము ననుసరించి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి కలదు. 2022 సవరణలో, ప్రాణుల ఆవాసమున మార్పేమియు చేయకుండ తీయవలెనను నియమము స్పష్టముగ చేరినది.

చట్టముకంటె ఎండ కఠినమైనది. మధ్యాహ్నవేళ కొంగలు గూటిపై రెక్కలు పరచి, ఈకలు మొలవని పిల్లలకు నీడపట్టి గంటలకొలది నిలుచును. మనుష్యుడు సమీపించి ఆ తల్లిని లేపినచో, కొలదిసేపటి ఎండకే పిల్లలు సొమ్మసిల్లును. ఈలోగా కాకులును గరుడపక్షులును గ్రుడ్లను, పిల్లలను ఎత్తుకొనిపోవును. ఫ్లెమింగోల గుంపును లేపి ఎగురుచిత్రము తీయుటకై రాళ్ళు రువ్వుట, డ్రోనులను పంపుట, తుంగలో దాగు నీటికోళ్ళను వెలికిరప్పించుటకు రికార్డు చేసిన కూతను మరల మరల వినిపించుట, తొట్టిలో చేపలు పోసి లకుముకిపిట్టను దూకించుట మొదలగునవి గర్హ్యములు. చివరిదానిని కొందరు నిరపాయమందురు. పక్షికి అపాయము లేకపోవచ్చును గాని, చిత్రమునకు కలదు: నీరు చిమ్ముచు పైకిలేచిన ఆ పిట్ట నోట ఆ చెరువున ఎన్నడును లేని చేప కనుపించును.

పక్షులు కాని ప్రాణులు

మడ అడవులలో పక్షులకంటె తక్కినప్రాణులే చిత్రకారుని ఎక్కువ ఆకర్షించును. కాకినాడకు సమీపమున గోదావరి ముఖమునగల కోరింగ అభయారణ్యము 235 చదరపు కిలోమీటర్లకు పైబడినది, 1978లో ఏర్పడినది. అచట గడియారమును గాక పోటుపాట్ల పట్టికను అనుసరింపవలెను. పాటు వేళ బురద బయటపడగనే, ఒంటిపెద్దడెక్కగల పీతలు ఆ డెక్కను ఊపుచు జతలను పిలుచును. బురదపై ప్రాకు చేపలు రెక్కలవంటి వాజములపై ఎగిరెగిరి తగవులాడును. పోటు రాగానే రంగస్థలము ఖాళీ. నీటికుక్కలు గుంపుగ ఈదుచు తలలెత్తి చూచును. చేపలను పట్టు నీటిపిల్లి మాత్రము రాత్రించరము, మనిషి కంటబడుట అపురూపము. దీనిని చిత్రించునది చెట్టుకు కట్టిన స్వయంచాలక కెమెరా. ప్రాణి శరీరపు వేడి కదలికను పసిగట్టి తనంత తాను చిత్రము తీయును. ఈ పద్ధతికి పూర్వరూపము మనదేశముననే వెలసినది. ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ అను అటవీ అధికారి 1920వ దశకమున ఉత్తరదేశపు అడవిదారుల తీగలు కట్టి, పులి కాలు తగిలినపుడు మెరుపుదీపముతో కెమెరా పనిచేయునట్లు అమర్చి, ఆ చిత్రములను 1927లో గ్రంథముగ వెలువరించెను. తెలంగాణమున మంజీర అభయారణ్యమందలి మొసళ్ళు శీతకాలపు ప్రొద్దులలో ఎండకాగుటకు దిబ్బలపైకి వచ్చును. వాటికి వేగము, తొందర ఏమియు అక్కరలేదు, దూరముగ నుండు బుద్ధి ఉన్న చాలును.

అనుమతులు, ప్రయాణములు సమకూరనివారికి ఊరిచెరువులే శరణ్యము. గుంటూరు చెంత ఉప్పలపాడున, శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున, అనంతపురము ప్రాంతపు వీరాపురమున పక్షులు ఊళ్ళ చెంతనే చెట్లపై గూళ్ళు కట్టి, మనుష్యుల రాకపోకలను లెక్కచేయక మెలగుచున్నవి.

చిత్రముల ప్రయోజనము

1987 నుండి ఏటేట జనవరిలో ఆసియాఖండపు నీటిపక్షుల గణన జరుగుచున్నది. ఎగిరిన గుంపును కంటితో లెక్కించుటలో అనుభవజ్ఞులును భేదింతురు గనుక, గుంపును పలు చిత్రములుగ తీసి, ఒక్కొక్క చిత్రమును గళ్ళుగ విభజించి, ఒక గడిలోని పక్షులను లెక్కించి మొత్తమును సరిచూచుకొనుట వాడుకైనది. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువంటి సంస్థలు వలసపక్షుల కాళ్ళకు తొడిగిన రంగుపట్టీల మీది అక్షరములు దూరదర్శినికి అందకపోయినను లెన్సునకు అందుచున్నవి. అట్టి ఒక్క చిత్రము ఆ పక్షిని మరల పట్టనక్కరలేకుండ దాని వలసదారిలో ఒక మజిలీని తెలుపును. ఇందులకు అందమైన చిత్రమే కానక్కరలేదు. కాలు స్పష్టముగ నుండి, వెనుక తేదీ, వేళ, చెరువుపేరు, తూముకడ కొలబద్ద మీద నాటి నీటిమట్టము వ్రాసియున్నచో, పక్షుల లెక్కలు కూర్చు సంకలనకర్తలు దానిని పుచ్చుకొందురు.